కొండమీది పెద్దలను ఏమని అడగాలి?

ఇవాళ తేదీ ఎంత? నూట్లోంచి ఏడు తీసేయండి, మిగిలినదాంట్లోంచి మళ్లీ ఏడు, అలా అయిదుసార్లు. ఈ కాగితం మీద ఉన్నది చదివి అది చెప్పినట్టు చేయండి. మీకు తోచిన ఒక వాక్యం రాయండి. ఒకదానిమీదికి ఒకటి ఎక్కిన ఈ రెండు పంచభుజాలను చూసి గీయండి. మనిషి జ్ఞాపకం, తెలివిడి ఎంతవరకు నిలిచి ఉన్నాయో చూడటానికి 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి తయారుచేసిన ముప్పై మార్కుల పరీక్షలోని ప్రశ్నలివి. డిమెన్షియా పేరు వినపడిన ప్రతి దేశానికీ ఈ పరీక్ష వెళ్లింది. 24కు తగ్గితే అనుమానించాలన్నది వాడుకలో స్థిరపడిన లెక్క. ఇప్పుడు అరకు లోయలోనో, పైన ముంచంగిపుట్టు కొండల్లోనో ఎన్నడూ బడి మెట్లెక్కని ఒక డెబ్భై ఏళ్ల అవ్వ ముందు ఈ కాగితం పెట్టారనుకుందాం. తీసివేతలకు 5 మార్కులు, చదవడానికి 1, రాయడానికి 1, గీయడానికి 1. ఈ ఎనిమిదీ ఆమెకు మొదట్లోనే పోతాయి. తక్కినవన్నీ ఒక్క తప్పు లేకుండా చెప్పినా ఆమెకు వచ్చేది 22. అంటే ఏ జబ్బూ లేకుండానే ఆమె రోగుల జాబితాలో చేరుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగల అక్షరాస్యత 49.2 శాతం. అది పిల్లా పెద్దా అందరినీ కలిపిన సగటు. అరవై దాటినవారిలో, అందులోనూ ఆడవారిలో, అక్షరం వచ్చినవారు ఇంకెంత తక్కువో వేరే చెప్పనక్కర్లేదు. ఏజెన్సీలో డిమెన్షియా గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా స్కానింగ్ యంత్రాలు లేవనో, నరాల డాక్టర్లు లేరనో మొదలుపెడతారు. అవి లేని మాట నిజమే. కానీ వాటికన్నా ముందు లేనిది సరైన ప్రశ్న. ప్రశ్న కుదిరితే యంత్రం లేకుండానే చాలా దూరం వెళ్లవచ్చు. ప్రశ్న కుదరకపోతే విశాఖ కేజీహెచ్‌లోని స్కానింగ్ గది దాకా మోసుకెళ్లినా, ఆ ఫిల్మ్‌లో కనిపించే మచ్చలకు మనిషి బతుకులో ఏం మారిందో చెప్పేవాళ్లుండరు.

ఈ పని మన దేశంలో ఎవరూ తలపెట్టలేదని కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో భారత, అమెరికా పరిశోధకులు 1990ల్లో కలిసి చేసిన అధ్యయనం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అక్కడి వృద్ధుల్లో ఎక్కువమంది నిరక్షరాస్యులే. అందుకని మేరీ గంగూలీ, విజయ్ చంద్ర మొదలైనవారు ఆ అమెరికా పరీక్షను పట్టుకుని ఒక్కొక్క ప్రశ్ననూ విప్పి మళ్లీ అల్లారు. ‘కళ్లు మూసుకోండి’ అని రాసిన కాగితాన్ని చదివించడం మాని, పరీక్షించేవారు తాము కళ్లు మూసి చూపించి అలాగే చేయమన్నారు. వాక్యం రాయమనడం మాని మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమన్నారు. అలా తయారైన హిందీ పరీక్ష 1995లో వెలువడింది. అంతకన్నా నాకు విలువైనదిగా తోచేది వారే ఆ తర్వాత తెచ్చిన, పదకొండు ప్రశ్నలున్న మరో ప్రశ్నావళి. అది రోగిని అడిగేది కాదు, ఇంట్లోవాళ్లను అడిగేది. తిన్న కాసేపటికే తిన్న సంగతి మరిచిపోతున్నారా? ఊళ్లోనే దారి తప్పుతున్నారా? మొదలుపెట్టిన పని పూర్తిచేస్తున్నారా? ఫలానావాళ్లకు చెప్పమన్న కబురు సరిగ్గా చేరవేస్తున్నారా? పెద్ద పండుగలు గుర్తున్నాయా? ఇంట్లో పెళ్లి మాటలు వస్తే తన అభిప్రాయం చెబుతున్నారా? నలుగురితో కలిసి చేయాల్సిన పనిలో చేయి కలపగలుగుతున్నారా? వీటిలో ఒక్కదానికీ పలక, బలపం అక్కర్లేదు. ఇవన్నీ అరకు కొండల మీద పెద్దగా మార్పు లేకుండా పనికొస్తాయి. హోలీ, దీపావళి అన్నచోట ఇటుకల పండుగ, కొత్తల పండుగ వస్తాయి. తేదీ అడిగేచోట వలిసెలు పూసే కాలమా, చోళ్లు కోసే కాలమా అని అడగవచ్చు. నలుగురి పని అంటే ఇక్కడ డోలీ మోయడం కన్నా తెలిసిన ఉదాహరణ ఉండదు. కాఫీ పళ్లు ఏరేటప్పుడు పచ్చివీ పండువీ కలిపేస్తోందా, సంతలో అమ్మిన అడ్డాకుల కట్టలకు డబ్బు సరిగ్గా లెక్కచూసుకుంటోందా అన్నవి మంచి ప్రశ్నలు. ఇవాళ చేయగలుగుతోందా అన్నది ఒక్కటే తెలిస్తే చాలదు. నిరుడు చేసినట్టు ఈ ఏడు చేస్తోందా అన్నది అసలు సంగతి. డిమెన్షియా అంటేనే ఉన్న సామర్థ్యం తగ్గిపోవడం. ఎప్పుడూ లేని చదువు లేకపోవడం జబ్బు కాదు, ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని చేతికి రాకపోవడం జబ్బు.

రోగినే నేరుగా పరీక్షించాల్సిన భాగం ఎలాగూ ఉంటుంది. అక్కడ కూడా దారి చూపే సాక్ష్యం ఉంది, చిత్రంగా అది పోర్చుగల్ నుంచి వచ్చింది. ఆ దేశపు దక్షిణాన బడికి వెళ్లని స్త్రీలమీద అలెగ్జాండ్రా రీస్, ఆమె సహచరులు ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. గీతలతో గీసిన బొమ్మ చూపించి పేరు చెప్పమంటే చదువురానివాళ్లు చదువుకున్నవాళ్లకన్నా వెనకబడ్డారు. అదే వస్తువును చేతికిచ్చి అడిగితే తేడా పోయింది. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చెప్పమంటే మళ్లీ చదువుకున్నవాళ్లదే పైచేయి. బజారులో కొనుక్కునే సరుకుల పేర్లు చెప్పమనేసరికి ఇద్దరూ దాదాపు సమానమయ్యారు. జంతువులను వర్గాలుగా తలచుకోవడం పాఠ్యపుస్తకం నేర్పిన అలవాటు. సరుకుల పేర్లు ఎవరి బతుకు వారికి నేర్పినవి. అరకులో వారపు సంత ఎంత పెద్ద విషయమో తెలిసినవాళ్లకు ఈ ఫలితం వెంటనే అర్థమవుతుంది. సంతకు ఏమేం వస్తాయో చెప్పమనండి. పసుపు, పిప్పళ్లు, మిరియాలు, రాజ్మా, చీపుర్లు, ఎండుచేపలు, కోళ్లు అంటూ జాబితా తనంతట తానే కదులుతుంది. కదలకపోతే అప్పుడు అనుమానించాలి. బొమ్మల పుస్తకం బదులు ఒక సంచిలో కొడవలి, చోడి గింజలు, అడ్డాకు, దువ్వెన వేసుకుని వెళ్లే ఆరోగ్య కార్యకర్త చేతిలో, ఖరీదైన కంప్యూటర్ పరీక్షకన్నా నమ్మదగిన పనిముట్టు ఉన్నట్టే లెక్క.

ఇక భాష. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన జ్ఞాపకశక్తి పరీక్షల పెట్టె హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళాల్లో ఉంది. చదువుకున్నవారికీ చదువుకోనివారికీ పనికొచ్చేలా దాన్ని తీర్చారు. అదొక పెద్ద ముందడుగు. అయితే అరకు చుట్టూ ఒక్క రోజులో మూడు భాషా కుటుంబాలు చెవినపడతాయి. తెలుగు, కువి, కొండ భాష ద్రావిడాలు, గదబల్లో కొందరి గుతోబ్ ముండా కుటుంబానిది, కొటియాల ఆదివాసీ ఒడియా ఇండో ఆర్యన్. భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాషమీద 1969లో వెలువరించిన వ్యాకరణానికి కావలసిన మాటలు ఈ కొండల్లోనే సేకరించారు. ఇంట్లో కువి మాట్లాడే తాతకు తెలుగు సంతలో వచ్చే భాష, ఆఫీసులో తడబడే భాష. డిమెన్షియాలో ముదిరేకొద్దీ తర్వాత నేర్చిన భాష ముందు జారిపోవడం తరచు కనిపించేదే. అటువంటి మనిషిని తెలుగులో అడిగి, జవాబు రాలేదని మార్కులు కొట్టేస్తే, అక్కడ కొలిచింది అతని తెలుగును. ‘ఇన్ని చిన్న భాషల్లోకి పరీక్షలు ఎవరు తేగలరు?’ అని అడగవచ్చు. ఒకసారి తెచ్చిన రాష్ట్రమిది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కువి, కొండ, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో, గిరిజన పిల్లలకు మాతృభాషా బోధన మొదలుపెట్టింది. ఆ వాచకాలు రాసిన ఉపాధ్యాయులు, వాటితో చదువు మొదలుపెట్టి ఇప్పుడు ముప్పైకి దగ్గరపడుతున్న పిల్లలు ఈ ఊళ్లలోనే ఉన్నారు. ముప్పై ప్రశ్నలను కువిలోకి తేవడం ఒకటో తరగతి వాచకం రాయడంకన్నా కష్టమేమీ కాదు. తెచ్చాక ఆరోగ్యంగా ఉన్న పెద్దలు ఎన్ని చెప్పగలుగుతున్నారో చూసి గీత ఎక్కడ గీయాలో తేల్చాలి, కష్టమంతా అక్కడుంది. హిమాచల్‌ప్రదేశ్‌లోని భర్మౌర్ గిరిజన ప్రాంతంలో హిందీ పరీక్షను స్థానిక భాషకు, అలవాట్లకు తగ్గట్టు ఇలాగే మార్చుకున్నారు.

బహుభాషల సంగతి వచ్చింది కాబట్టి హైదరాబాదు నిమ్స్‌లో జరిగిన పరిశోధన దగ్గర కాస్త ఆగాలి. అల్లాడి సువర్ణ, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్, తదితరులు అక్కడి మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. వారిలో 391 మందికి రెండు, అంతకుమించి భాషలు వచ్చు. ఒకే భాష తెలిసినవారికన్నా వీరికి జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. అక్షరం రానివారిలో సైతం ఈ తేడా కనిపించింది. కెనడాలో ఇటువంటి ఫలితం వచ్చినప్పుడు, రెండు భాషలవాళ్లలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు, తేడాకు కారణం వలసేమోనన్న అనుమానం ఉండేది. మన దగ్గర ఆ చిక్కు లేదు, హైదరాబాదీకి రెండు భాషలు పుట్టిన వీధిలోనే వస్తాయి. 2016లో అదే బృందం 608 మంది పక్షవాత రోగులను చూసింది. పక్షవాతం తర్వాత తెలివిడి చెక్కుచెదరనివారు బహుభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం. ఈ కొండల వరసలోనే, ఒడిశా వైపున, ఫుల్బనీ ప్రాంతపు కోంధు పిల్లలమీద అజిత్ మొహంతి 1970ల చివర నుంచి చేసిన అధ్యయనాలూ ఇటే చూపిస్తాయి. ఒడియాకు పూర్తిగా మారిపోయిన కోంధు పిల్లలకన్నా, కుయి, ఒడియా రెండూ మాట్లాడే కోంధు పిల్లలు ఆలోచనా పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు. వీటిని పట్టుకుని గిరిజనులకు మూడు భాషలు వచ్చు గనక మతిమరుపు రాదని ఎవరైనా అంటే అది తొందరపాటు. నిమ్స్ అధ్యయనం ఆసుపత్రికి చేరినవారి పాత వివరాలమీద చేసింది. ఆసుపత్రికి చేరనివారి మాట అది చెప్పలేదు. ఆరోగ్యంగా ఉన్నవారిని ఏళ్ల తరబడి వెంబడించిన న్యూయార్క్ అధ్యయనం ఒకదానిలో రెండు భాషలకు ఇలాంటి రక్షణ కనిపించలేదు. పైగా నిమ్స్ లెక్కల్లోనే రెండు దాటి భాషలు పెరిగినా అదనపు లాభం లేదు. జబ్బు ఆలస్యమైనా రాదని కాదు. ఈ పరిశోధన నుంచి నేను తీసుకునేది ఇంకొకటి: చదువు, భాష, వలస ఒకదానితో ఒకటి పెనవేసుకున్న ముడిని పాశ్చాత్య నగరాల్లో విప్పలేకపోయారు. నిరక్షరాస్యులైన బహుభాషులు వేలల్లో ఉన్న నేలమీద దాన్ని విప్పవచ్చు. అంటే కొండలకు పరిశోధన ఎంత అవసరమో, పరిశోధనకు కొండలు అంత అవసరం.

అసలు కొండమీద డిమెన్షియా ఎంత ఉందన్న ప్రశ్నకు రెండు ఊహలు చలామణిలో ఉన్నాయి. కష్టపడి నడిచే మనుషులు, చోడంబలి తాగే మనుషులు, వాళ్లకేం జబ్బులన్నది ఒకటి. పేదరికం, నిరక్షరాస్యత ఉన్నచోట అన్నీ ఎక్కువే అన్నది రెండోది. ప్రపంచంలో ఆదివాసుల మధ్య జరిగిన రెండు పరిశోధనలు ఈ రెండు ఊహలకూ చెరొక సాక్ష్యం ఇచ్చి, రెండింటినీ నమ్మవద్దంటాయి. బొలీవియా అడవుల్లోని చిమానే ప్రజల్లో అరవై దాటినవారిలో డిమెన్షియా దాదాపు ఒక్క శాతమేనని 2022లో తేలింది. ఆస్ట్రేలియాలోని కింబర్లీలో, ఆదివాసులకోసమే ప్రత్యేకంగా తయారుచేసిన పరీక్షతో చూస్తే, 45 ఏళ్లు దాటినవారిలోనే 12.4 శాతం ఉంది. తల దెబ్బలు, పొగ, పక్షవాతం అక్కడ తోడయ్యాయి. కాబట్టి ‘ఆదివాసులు’ అన్న ఒక్క మాట ఏ అంకెనూ చెప్పదు. మన దేశంలో 2017–2020 మధ్య 4,096 మందిని పరీక్షించిన లాసి–డాడ్ సర్వే, అరవై దాటినవారిలో 7.4 శాతానికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా కట్టింది. పట్టణాలకన్నా పల్లెల్లో, మగవారికన్నా ఆడవారిలో, చదువుకున్నవారికన్నా చదువుకోనివారిలో ఎక్కువ. దేశానికో రాష్ట్రానికో సరిపడేలా ఎంచుకున్న నమూనా అది, అరకు పక్కనున్న డుంబ్రిగుడ మండలం సంగతి దాన్నుంచి పిండలేం. చదువులేనివారిలో ఎక్కువ అన్నదాంట్లో కొంత పరీక్ష దోషం, కొంత నిజం కలిసి ఉంటాయి. చదువు మెదడుకు కొంత నిల్వబలం ఇస్తుందన్నది బలమైన సిద్ధాంతమే. ఏది ఎంతో విడదీయాలంటే బడితో సంబంధంలేని ప్రశ్నలే కావాలి.

ఇక్కడ నా వాదనకే అడ్డొచ్చే ఒక గట్టి సాక్ష్యం ఉంది. ఇంట్లోవాళ్లను అడగడం మంచి దారన్నాను. 10/66 అనే అంతర్జాతీయ పరిశోధక బృందం చెన్నైలోనూ వెల్లూరు పల్లెల్లోనూ, మరికొన్ని దేశాల్లోనూ చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికా మనోవైద్యుల కొలబద్ద ప్రకారం గ్రామీణ భారతంలో డిమెన్షియా 0.3 శాతమే. క్యూబాలో 6.3. అదే బృందం తన సొంత పద్ధతితో చూస్తే అన్ని దేశాల అంకెలూ 5.6కూ 11.7కూ మధ్య దగ్గరికొచ్చాయి. తేడా ఎక్కడొచ్చింది? మొదటి పద్ధతిలో, జబ్బువల్ల బతుకు దెబ్బతిన్నదని కుటుంబం చెప్పాలి. మన పల్లెల్లో ముసలితనమన్నాక ఇంతేలే అనుకుంటారు. కోడలు అన్నం పెడుతుంది, మనవడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు, ఇక దెబ్బతినడానికి ఏముంది? ఇంట్లోవాళ్లను అడగడంలో ప్రమాదం లేదని ఎవరూ అనలేరు. అయితే ‘ఏమైనా ఇబ్బందిగా ఉందా?’ అని అడగడం వేరు, ‘పోయిన సంతకు ఒంటరిగా వెళ్లి తిరిగొచ్చిందా?’ అని అడగడం వేరు. మొదటిదానికి మర్యాద జవాబు వస్తుంది, రెండోదానికి సంగతి వస్తుంది. 10/66 బృందం కూడా కుటుంబం మాటనూ రోగిమీద చేసిన చిన్న పరీక్షనూ జోడించింది, ఒక్కదాన్నే నమ్ముకోలేదు. ‘ఇలా ప్రతి ఊరికీ ఒక ప్రశ్న అయితే అంకెలను ఎలా పోల్చుతారు?’ అన్న అభ్యంతరానికీ జవాబు ఈ అధ్యయనంలోనే ఉంది. ఆ అమెరికా కొలబద్దను అన్నిచోట్లా బలవంతంగా పెట్టినప్పుడు అంకెలు ఇరవై రెట్ల తేడాతో చెదిరిపోయాయి. చదువు, సంస్కృతి తేడాలను లెక్కలోకి తీసుకుని సరిదిద్దిన పద్ధతితోనే అవి పోల్చదగినవయ్యాయి.

మందు లేని జబ్బును కనిపెట్టి లాభమేంటని ఇంకో ప్రశ్న. మందు సంగతే ముందు చూద్దాం. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌కు 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. 1,795 మందిమీద పద్దెనిమిది నెలలు జరిగిన పరీక్షలో అది జబ్బు ముదిరే వేగాన్ని 27 శాతం తగ్గించింది. మొదట్లో రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కించాలి, మెదడులో వాపు, రక్తస్రావం వస్తున్నాయేమోనని పదేపదే ఎంఆర్ఐ తీయాలి, ఏడాదికి అమెరికాలో ప్రకటించిన ధర 26,500 డాలర్లు. అరకు నుంచి విశాఖ సుమారు 115 కిలోమీటర్లు, దారిలో ఘాట్ రోడ్డు అన్నది పక్కనపెట్టినా ఇది ఇప్పట్లో కొండలకు చేరే వైద్యం కాదు. కానీ ఆ 27 శాతాన్ని దేనితో కొలిచారో చూడండి. 18 పాయింట్ల ఒక పట్టిక అది; జ్ఞాపకం, దిక్కూ కాలం తెలియడం, మంచీచెడూ తేల్చుకోవడం, నలుగురిలో మెలగడం, ఇంటిపని, సొంత శుభ్రత అనే ఆరు అంశాలమీద రోగితోనూ దగ్గరివారితోనూ మాట్లాడి మార్కులు వేస్తారు. మందుకూ ఉత్తుత్తి మందుకూ మధ్య తేలిన తేడా ఆ పద్దెనిమిదిలో 0.45. కోట్లు పోసిన పరీక్షలో ఆఖరి తీర్పు ఇంట్లోవాళ్ల మాటమీద కూడా ఆధారపడింది. కాబట్టి కొండల్లో కుటుంబాన్ని అడగడం గతిలేని పద్ధతి అని చిన్నచూపు చూడనక్కర్లేదు.

ఇంతకీ నిర్ధారణవల్ల తక్షణం దక్కేవి వేరే ఉన్నాయి. ఉన్నట్టుండి రెండు రోజుల్లో మాట తడబడితే అది డిమెన్షియా కాకపోవచ్చు. మెదడుకెక్కిన మలేరియా కావచ్చు, ఒంట్లో మరో ఇన్ఫెక్షన్ కావచ్చు, అక్కడ గంటలు లెక్క. నెలల తరబడి మందకొడిగా ఉంటే థైరాయిడ్ లోపమో, బి12 లోపమో, దిగులో, వినికిడి తగ్గడమో కావచ్చు. వీటిలో చాలావాటికి మందులు పాడేరులోనే దొరుకుతాయి. నిమ్స్ క్లినిక్ తన 347 మంది డిమెన్షియా రోగులను విడదీసి చూస్తే వారిలో నాలుగోవంతు మందికి మెదడు రక్తనాళాలు దెబ్బతినడమే కారణం, అంటే రక్తపోటు, పొగ. 2019లో వెలువడిన స్ప్రింట్ మైండ్ పరీక్షలో పై రక్తపోటును 120 దగ్గరకు అదుపుచేసినవారిలో, డిమెన్షియాకు ముందుదశ అయిన తెలివిడి తగ్గుదల 19 శాతం తక్కువగా వచ్చింది. బీపీ చూసే పరికరం పల్లె ఆరోగ్య కేంద్రాల దాకా వచ్చిన రోజులివి. ఉత్తరాంధ్ర ఆడవారి అడ్డపొగ (మండే కొనను నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం) నోటి క్యాన్సర్ గురించి రాసేవారికే గుర్తొస్తుంది, దాన్ని మెదడు ఆరోగ్యం ఖాతాలోనూ రాయాలి. మరొకటి, చెప్పడానికి ఇబ్బందైనది. అర్థంకాని మాటలు, అర్ధరాత్రి తిరుగుళ్లు, నిష్కారణమైన కోపం ఉన్న ముసలావిడమీద చిల్లంగి (చేతబడి) అనుమానం పడితే ఏజెన్సీలో అది ప్రాణంమీదికి రావచ్చు. దీనికి జబ్బు పేరు ఒకటుందని ఊళ్లో నలుగురికి తెలియడం కూడా వైద్యమే.

కుటుంబానికి చేసే సాయానికి పరిశోధన ఆధారం లేదనుకునేవారికోసం గోవా ఉదాహరణ. 2008లో ప్రచురితమైన ఆ క్లినికల్ ట్రయల్‌లో 81 కుటుంబాలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు ఇళ్లకు, డాక్టర్లు కాని, కొద్దిపాటి శిక్షణ పొందిన కార్యకర్తలు వెళ్లి జబ్బు గురించి చెప్పి, రోజువారీ పనుల్లో సలహాలిచ్చి, ప్రభుత్వ సాయం పొందడానికి దారి చూపించారు. చూసుకునేవారి మానసిక ఒత్తిడి ఆ ఇళ్లలో గణనీయంగా తగ్గింది. చిన్న ట్రయల్, అన్ని కొలతల్లోనూ తేడా రాలేదు. అయినా మందుల ట్రయల్స్ ముందు పెట్టి చూస్తే ఖర్చుకు దక్కిన ఫలితం తక్కువేమీ కాదు. రక్తహీనత, పసిపిల్లల మరణాలు ఉన్నచోట ముసలివాళ్ల మతిమరుపా అనేవారున్నారు. అది న్యాయమైన మాటే, వేరే సిబ్బందిని, వేరే భవనాన్ని అడిగితే. ఇక్కడ కావలసింది ఇప్పటికే ఇంటింటికీ తిరుగుతున్న కార్యకర్త అడిగే ప్రశ్నల్లో మరో పదకొండు. పిల్లల సంగతి చూసినా, కూలికి వెళ్లే తల్లి పసిబిడ్డను అప్పగించేది ఆ అవ్వకే. అవ్వ పొయ్యిమీద ఎసరు మరిచిపోతోందా అన్నది బిడ్డ క్షేమానికి సంబంధించిన ప్రశ్న కూడా.

రేపు రక్తపరీక్ష వస్తుంది, ఇవన్నీ అవసరముండదు అనేవారికి ఒక మాట. పి–టావ్ 217 అనే ప్రోటీన్‌ను రక్తంలో కొలిచి అల్జీమర్స్ గుర్తింపుకు తోడ్పడే పరీక్ష ఒకటి 2025 మేలో అమెరికాలో అనుమతి పొందింది. నిజంగానే పెద్ద విషయం, స్కానింగ్ గదిలో జరిగే పనిలో సగం చిన్న గాజు గొట్టంలోకి వచ్చింది. అయితే కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఈ ప్రోటీన్ మోతాదు అల్జీమర్స్ లేకపోయినా పెరుగుతుంది. ఈ కొండల దిగువన, శ్రీకాకుళం ఉద్దానంలో, కారణం పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు వేలమందిని పట్టి పీడిస్తోంది. ఇక్కడి రక్తంలో ఏ అంకె మామూలుదో, ఏది జబ్బుదో ఇక్కడి మనుషులమీదే తేల్చాలి. అలా తేల్చాలంటే రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ డిమెన్షియా ఉందో లేదో ముందే వేరే దారిలో తెలిసి ఉండాలి. కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో బెంగళూరు మెదడు పరిశోధనా కేంద్రం 45 దాటిన పదివేలమందిని లక్ష్యంగా పెట్టుకుని ఏళ్ల తరబడి వెంబడిస్తున్నది ఇందుకే. పాడేరులో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకుంది. అందులో చేరిన విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌కు వచ్చేలోగా కువిలో, కొండ భాషలో, ఆదివాసీ ఒడియాలో ఒక్కొక్క ప్రశ్నావళి తయారుచేసి, ఆరోగ్యంగా ఉన్న మూడు నాలుగు వందలమంది పెద్దలమీద సరిచూడటానికి కావలసినంత వ్యవధి ఉంది.